వెనక సీటు కింది నీలం

హామ్‌ట్రామిక్, మిచిగన్
జనవరి 12, 1997

వదినకు,

సకల జనులకూ, ముఖ్యంగా ఒహైయో రాష్ట్రం మిల్ ఫోర్క్ ఊళ్ళో పంతం పట్టుకు కూర్చున్న మా వదినగారికీ, కాజిమిర్ గురాల్ అను నేను, యాభై మూడేళ్ళవాణ్ణి, పూర్తి స్పృహలో ఉండి ప్రకటించునది. ఈ నెల తొమ్మిదిన కురిసిన మంచును మా ఇంటి ముందు వీధిలో పారతో నేనే ఎత్తిపోసి, ఖాళీ అయిన చోట నా మడతకుర్చీని స్థాపించితిని. కుర్చీ ఉన్నంతకాలం అక్కడ మరొకరి బండి నిలపరాదు. నిలిపినచో దాని అద్దాలమీద బకెట్టుడు నీళ్ళు పోసి గడ్డకట్టించబడును. నాకసలు బండే లేదనీ, ఉన్నదాన్ని రెండేళ్ళ కిందటే అమ్ముకున్నాననీ వీధిలో కొందరు గొణుగుతున్నారు. ఆ గొణుగుడుకూ ఈ ప్రకటనకూ ఎట్టి సంబంధమూ లేదు. మరియు నా ఎడమకాలి మేజోడుకు బొటనవేలి దగ్గర పడిన చిల్లు వసంతం వచ్చేదాకా కుట్టబడదు. ఇంతే సంగతులు.

ఇక అసలు విషయం. క్రిస్మస్ కార్డు అందింది. పైన దేవదూత బొమ్మ, లోపల రెండే రెండు వాక్యాలు. "రోమన్ బండి అమ్మేస్తున్నాను. కొలంబస్ నుంచి ప్రూయిట్ అనే ఆయన వచ్చి చూస్తాడు." పండగపూట మనిషికి పంపే కబురేనా అది? ఫోన్ చేసి నాలుగు తిట్టేవాణ్ణే. కానీ ప్రెస్ షాపులో ఇరవై ఏడేళ్ళు రేకులు అదిమిన చెవులాయె. నువ్వు అవతల ఏడ్చినా నవ్వినా నాకు ఒకటే గుయ్యిమంటుంది. అందుకే ఈ కాగితం.

మా పైవాటాలో ఉండే బెర్నిస్ సంగతి నీకు చెప్పానా? మొగుడు పోయాడు, నోరు మిగిలింది. నన్ను పిలవాలంటే చీపురుకర్రతో పైనుంచి నేలమీద కొడుతుంది. నాకు వినపడదు కదా, వంటింట్లో దీపం ఊగడం చూసి, ఓహో పిలుస్తోంది అనుకుని వెళ్తాను. ఆదివారాలు పేకాట. దొంగాట ఆడుతుంది, పైగా నన్నే దొంగంటుంది. నీ కార్డు చూపిస్తే, "ఆవిడకి బుద్ధి ఉందా? మొగుడి బండి అమ్ముకుంటుందా?" అంది. నేనన్న మాట కాదు సుమా, బెర్నిస్ అన్నది.

వదినా, థండర్‌హెడ్ అంటే ఏ బండి పడితే ఆ బండి కాదు. అరవై తొమ్మిదిలో రేసుల కోసమని మన ఫ్యాక్టరీలో అరవై ఒకటంటే అరవై ఒకటే చేసి ఆపేశారు. అన్నయ్య వాటిలో ఒకదానికి ముందే పేరు రాయించుకున్నాడు. ఇన్నాళ్ళూ నీకు చెప్పని మాటొకటి ఉంది. ఆ మార్చిలో మూడు వారాలు నన్ను సీట్ల విభాగానికి పంపారు. ప్రతి బండి వెంటా ఒక పని చీటీ వస్తుంది, దీనికి ఏ ఇంజను, ఏ సీటు, ఏ రంగు అని. సీట్లు బిగించేసరికి దాంతో పని తీరిపోతుంది. చెత్తబుట్టదాకా నడవడానికి బద్ధకించి మావాళ్ళు దాన్ని సీటు స్ప్రింగుల్లో కుక్కేసేవాళ్ళు. అన్నయ్య బండి వచ్చినరోజు, ఆయన రంగుల విభాగంలోంచి బ్రష్షు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. నా చేతిలోంచి చీటీ లాక్కుని వెనకవైపు ఏదో రాసి, "కుక్కెయ్. చదివావంటే పళ్ళు రాలగొడతా" అన్నాడు. కుక్కేశాను. చదవలేదు. ఒక్క అక్షరం మాత్రం కంటపడింది. అది నీ పేరులో మొదటి అక్షరం.

అమ్ముతావో ఉంచుకుంటావో నీ ఇష్టం. చీటీ మాత్రం బండితోపాటు కొలంబస్ పోనివ్వకు.

మరిది
కాజ్

*

మిల్ ఫోర్క్, ఒహైయో
జనవరి 26

కాజ్‌కి,

నీ కుర్చీ ప్రకటన పోస్టాఫీసులోనే చదివి నవ్వాను. అక్కడి అమ్మాయి నన్ను వింతగా చూసింది. రోమన్ పోయిన ఏప్రిల్ నుంచి నేను నవ్వగా ఆమె చూడలేదు.

బండి కొట్టంలో ఉంది. రోమన్ కప్పిన టార్పాలిన్ అలాగే ఉంది. తాళంచెవి ఆయన చొక్కాలోనే ఉండిపోయింది, ఆసుపత్రివాళ్ళు కవరులో పెట్టి ఇచ్చారు. రోజూ పాలు పోయడానికి పిల్లుల గిన్నె దగ్గరికి వెళ్ళినప్పుడు దాని పక్కనుంచే వెళ్తాను. ఇరవై ఏడేళ్ళలో స్టీరింగు వెనక ఒక్కసారీ కూర్చోలేదు. ఆయన కూర్చోమనలేదు, నేను అడగలేదు.

నీకు ఆ బండి మీద ఉన్న ప్రేమ నాకు లేదు. దాచను. పెళ్ళికి ముందు, ఫిబ్రవరిలో, నన్ను సినిమాకి తీసుకెళ్తూ "ఏ రంగు తీసుకోను?" అని అడిగాడు. నేను వేసుకున్న కోటు చూపించాను. నీలం కోటు, మా అత్త కుట్టినది. "ఈ రంగు" అన్నాను. "ఊఁ" అన్నాడు. నెల తిరిగాక పచ్చటి బండి తెచ్చి మా నాన్న వాకిట్లో ఆపాడు. ఉడికిన బఠాణీ రంగు. ఎందుకని ఆయన చెప్పలేదు. ఎందుకని నేను అడగలేదు. మా కాపురమంతా అంతే కాజ్, అడగనివీ చెప్పనివీ. సాయంత్రం అయితే ఆయన కొట్టంలో, నేను వంటింట్లో. మధ్యలో ముప్ఫై అడుగుల పెరడు. ఆ బండి లేకపోతే ఆ ముప్ఫై అడుగులూ దాటి వచ్చేవాడేమో అనుకునేదాన్ని.

అందుకే అమ్ముతున్నాను. రోజూ దాన్ని చూస్తూ, ఈ మనిషి నన్ను ఎప్పుడైనా తలుచుకున్నాడా అని నన్ను నేనే ప్రశ్నించుకోవడం నావల్ల కాదు.

ప్రూయిట్ మార్చి 15న వస్తాడు. చీటీ ఏ సీటులో పెట్టావు? దాన్ని ఎలా ఊడదీయాలి?

బెర్నిస్‌కి వయసెంత?

అర్లీన్

*

హామ్‌ట్రామిక్
ఫిబ్రవరి 11

వదినకు,

ఈరోజు పూంచ్‌కీల మంగళవారం. ఉపవాసాల ముందు ఊరంతా కలిసి పాపం మూటగట్టుకునే రోజు. పొద్దున అయిదింటికి ఆ నూనెలో వేయించిన తీపి బన్నుల కోసం బేకరీ ముందు వరసలో నిలబడ్డాను. నా వెనక ఎవరో కుర్రది, పైకి చదువుకున్నదానిలా ఉంది, "తాతగారూ, ఒక్కదాంట్లో ఎంత కొవ్వుంటుందో తెలుసా?" అని నా మంచి చెవిలో అరిచింది. "నీ నోట్లో ఉన్నంత ఉండదులే" అన్నాను. వరసంతా నవ్వింది. ఆ నవ్వు చెవులకి అందలేదుగానీ నోళ్ళు తెరుచుకోవడం చూసి లెక్కేసుకున్నాను. ఆరు కొన్నాను, రేగుపండు జామ్‌వి. నాలుగు బెర్నిస్ మింగింది. రెండే నాకు. ఆమె వయసు అడిగావు. నేనూ అడిగాను. చెప్పు తీసింది.

ఇక సీటు. వెనక సీటు, కింది దిండు. మేకులూ మరలూ ఏమీ ఉండవు, భయపడకు. మోకాలు ఆనించి ముందు అంచుని వెనక్కి గట్టిగా తొయ్యి, తోస్తూనే పైకెత్తు. ఎడమవైపు ఒక కొక్కెం, కుడివైపు ఒక కొక్కెం. మొండికేస్తే అన్నయ్యని తిట్టినట్టు తిట్టు, ఊడొస్తుంది. తిప్పి చూస్తే స్ప్రింగులు, స్ప్రింగుల మధ్య గోనెగుడ్డ, గోనెగుడ్డలో చీటీ. ఎలుకలు తినకపోతే. ఎలుకలు తిన్నాయనుకో, నామీద కోప్పడకు.

అన్నయ్య గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా ఇంట్లో మాటలన్నీ నేనే వాడేసేవాణ్ణి వదినా, ఆయనదాకా మిగిలేవి కావు. అమ్మ అనేది, "వీడు అబద్ధాలాడతాడు, వాడు అబద్ధం కూడా ఆడడు" అని. ఆయన రంగుల విభాగంలో ఏం చేసేవాడో తెలుసుగా? చేతి బ్రష్షుతో మచ్చలు సరిదిద్దే పని. బండి నిగనిగలాడుతూ వచ్చేది, ఆయన వంగి వెతికి, ఎవరికీ కనపడని చోట గీత పడితే దానిమీద ఒక చుక్క పెట్టేవాడు. ముప్ఫై ఏళ్ళు ఎవరికీ కనపడని చోట చుక్కలు పెట్టి, రిటైరై ఒహైయో చేరాడు. అలాంటివాణ్ణి నోరు తెరిచి చెప్పమంటే ఎలా చెబుతాడు?

ఈ ఉత్తరం అందగానే రాయి. నాకు ఉత్తరాలంటే కరెంటు బిల్లూ నువ్వూను.

కాజ్

*

మిల్ ఫోర్క్
ఫిబ్రవరి 23

కాజ్‌కి,

సీటు ఊడింది. రోమన్‌ని తిట్టాను. రెండుసార్లు, గట్టిగా. పిల్లులు పారిపోయాయి.

దొరికినవి రాస్తున్నాను. ఒక నల్ల దువ్వెన, రెండు పళ్ళు విరిగినది. పొద్దుతిరుగుడు గింజల తొక్కలు, పిడికెడు. తొంభై మూడు నాటి చర్చి పిక్నిక్ టికెట్టు. దానికి నేను వెళ్ళలేదు, జలుబు చేసింది. ఆయన ఒక్కడే వెళ్ళి ఒక్క టికెట్టే చింపాడు. రెండోది, నాది, చింపకుండా అలాగే ఉంచాడు. చీటీ లేదు. గోనెగుడ్డ అంతా వేళ్ళతో తడిమాను. ఎలుకలు తిన్న గుర్తు కూడా లేదు.

ఇంకొకటి కూడా చూశాను. దాని గురించి ఇప్పుడు రాయను.

మిగతా మధ్యాహ్నమంతా స్టీరింగు వెనక కూర్చున్నాను. సీటు ఆయన కాళ్ళకి తగ్గట్టు బాగా వెనక్కి జరిపి ఉంది. ముందుకు జరుపుకోలేదు. అద్దంలో చూస్తే వంటింటి కిటికీ కనిపించింది. ఇన్నేళ్ళూ ఆయన బండిని ముక్కు గోడవైపు పెట్టి నిలిపేవాడు. ఎందుకలా అని కూడా నేను అడగలేదు.

ఇంకెక్కడైనా ఉండొచ్చా చీటీ?

బెర్నిస్‌కి నాలుగు పూంచ్‌కీలు పెట్టి నువ్వు రెండు తిన్నావంటే ఆవిడంటే నీకు ఇష్టమే అనుకుంటాను. సంతోషం. నువ్వు ఒక్కడివే ఉంటావని రోమన్ బెంగపెట్టుకునేవాడు. చెప్పలేదుగానీ, ఆ వారం నీ ఉత్తరం రాకపోతే ఆదివారం కూడా పెట్టె దగ్గరికి వెళ్ళి చూసి వచ్చేవాడు. ఆదివారం ఉత్తరాలు రావని ఆయనకి తెలియక కాదు.

అర్లీన్

*

హామ్‌ట్రామిక్
ఫిబ్రవరి 27

వదినకు,

ఉండొచ్చు, ఉండొచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట, ఏ స్ప్రింగులో కుక్కానో దేవుడికి కూడా గుర్తుండదు. ముందు సీట్ల కింద చూడు. కార్పెట్టు కింద చూడు. ఒక్కోసారి పెట్రోలు ట్యాంకు మీద కూడా పెట్టేవాళ్ళు. తొందరేం లేదు, రోజుకో మూల చూడు. వారానికో ఉత్తరం రాయి.

ఆ రాయనన్న ఇంకొకటి ఏమిటి? మనిషిని అలా వేలాడదీయడం పాపం కాదా? మొన్నటినుంచి నిద్ర లేదు. బెర్నిస్‌ని అడిగితే, "ఆడవాళ్ళు రాయనన్నదే అసలు సంగతి" అంటోంది.

ఆదివారం పెట్టె సంగతి ఎందుకు రాశావు? నేను ఆయనకి ఉత్తరం రాయకుండా బద్ధకించిన ఆదివారాలు లెక్కపెడుతున్నాను.

కాజ్

*

మిల్ ఫోర్క్
మార్చి 4

కాజ్‌కి,

చీటీ దొరికింది.

ట్యాంకు మీదే, నువ్వన్నట్టు. పక్కింటి ఓర్విల్ జాకీ పెట్టి ట్యాంకు దించాడు. నలభై బోల్టులకి నలభై బూతులు తిట్టాడు. చీటీ మడతల్లో చిరిగిందిగానీ చదవొచ్చు. వెనకవైపు పెన్సిలు రాత. నాలుగు లైన్లు.

అవి నీకు రాయను. ఆయన నీ కళ్ళ ముందే రాశాడన్నావు. ఏ ముఖంతో రాశాడు, రాస్తూ ఏమన్నా అన్నాడా, నవ్వాడా, నాకు చెప్పు. అంతా చెప్పు. ప్రూయిట్ 15న వస్తున్నాడు. నువ్వు చెప్పేదాన్ని బట్టి అతనికి జవాబిస్తాను.

అర్లీన్

*

హామ్‌ట్రామిక్
మార్చి 8

వదినకు,

నీ ఉత్తరం పట్టుకుని రెండు రోజుల్లో మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదాంట్లో అన్నయ్య నవ్వాడు. రెండోదాంట్లో ఆయన చెంపమీద పచ్చరంగు చుక్క ఉంది, అది చాలా బాగా వచ్చింది, నాకే కళ్ళు చెమర్చాయి. మూడోది పోస్టుపెట్టె మూతదాకా తీసుకెళ్ళాను. అక్కడ చెయ్యి ఆగింది. జీవితంలో చాలామందిని బురిడీ కొట్టించాను. ఫోర్‌మన్ టోపీలో జిగురు పోసినవాణ్ణి. కానీ చచ్చిపోయిన అన్నయ్యకి మాటలు కల్పించి, అవి నువ్వు దిండుకింద పెట్టుకుని పడుకుంటావంటే, నావల్ల కాలేదు.

నేను ఏ సీట్ల విభాగానికీ వెళ్ళలేదు. ఒక్కరోజు కూడా. అన్నయ్య పరిగెత్తుకు రాలేదు. అసలాయన ఎప్పుడైనా పరిగెత్తగా చూశావా? చీటీ నాకు తెలీదు. వెనక రాతా నాకు తెలీదు. నువ్వు చూసిన నాలుగు లైన్లు అన్నయ్యవి కాకపోవచ్చు. సీట్ల దగ్గర పనిచేసేవాళ్ళు కాగితాల మీద రాసే రాతలు నాకు తెలుసు, సగం ఆడవాళ్ళు చదవకూడనివి. దాని మీద ఆశ పెట్టుకోకు.

ఎందుకు అబద్ధమాడానంటావా? మా వంశంలో నాకు మిగిలింది నువ్వూ ఆ పచ్చబండీ. బండి పోతే నువ్వు నాకు ఏం రాస్తావు? ఏడాదికో దేవదూత బొమ్మ పంపుతావు. చీటీ ఉందంటే వెతుకుతావు, వెతికితే రాస్తావు, రాస్తే నేను జవాబిస్తాను. ఇంతే నా పథకం. పెద్ద తెలివేం కాదు.

అమ్మాలనుకుంటే అమ్మేయ్. నేనేమీ అనను. తిట్టాలనుకుంటే మాత్రం ఉత్తరంలోనే తిట్టు.

కాజ్

*

మిల్ ఫోర్క్
మార్చి 17

కాజ్‌కి,

నీ మొదటి ఉత్తరం చదివిన రోజే అబద్ధమని తెలుసు.

అరవై తొమ్మిది మార్చిలో నువ్వు ఏ విభాగంలోనూ లేవు. నీకు గవదబిళ్ళలు. పాతికేళ్ళవాడివి, మొహం గుమ్మడికాయంతై, మీ అమ్మ వంటింటి పక్క గదిలో నాలుగు వారాలు దుప్పటి కప్పుకుని పడుకున్నావు. నేను అప్పటికింకా పరాయిపిల్లని. రోమన్ నాచేత నీకు బార్లీ సూపు పంపించేవాడు. వారానికి మూడుసార్లు తెచ్చాను. నువ్వు "చెంచా పట్టుకోలేను, తాగించు" అని నాటకమాడితే తాగించాను కూడా. నీకు గుర్తులేదు. సూపు తాగినవాళ్ళకి గుర్తుండదు, మోసినవాళ్ళకి ఉంటుంది.

తెలిసీ సీటు ఎందుకు ఊడదీశానంటావా? ఇక్కడ నాతో రోజుకి పది మాటలు మాట్లాడేవాళ్ళు లేరు. నువ్వు నాలుగు పేజీలు అబద్ధం రాశావు. నాలుగు పేజీలు వచ్చి ఎన్నాళ్ళయిందో లెక్కవేసుకుని, మోకాలు ఆనించి సీటు తోశాను.

చీటీ లేదు. ట్యాంకు దించలేదు. ఓర్విల్‌కి నడుము నొప్పి, వాడు చెంబు కూడా దించలేడు. నువ్వు ఎంతదాకా పోతావో చూద్దామని రాశాను. నువ్వు ఆగిపోయావు. ఆగవేమో అనుకున్నాను కాజ్, నిన్ను తక్కువ అంచనా వేశాను.

ఇక నేను రాయనన్నది. సీటు దిండు ఎత్తితే కింద రేకు. రేకంతా పచ్చరంగు, పల్చగా, నిర్లక్ష్యంగా కొట్టినది. నా వైపు, అంటే నేను ఎప్పుడైనా ఎక్కితే కూర్చునే సీటుకి వెనకాల, అరచేయంత నీలం. బ్రష్షుతో వేసినది. అంచులు ఎంత నేర్పుగా ఉన్నాయంటే గీత గీసినట్టు. నా నీలం కోటు ఎప్పుడో చిరిగిపోయిందిగానీ బొత్తాం ఒకటి డబ్బాలో ఉంది. తెచ్చి పక్కన పెట్టాను. అదే నీలం. ఏమీ తేడా లేదు.

ఎవరితోనూ అనలేదు. అంటే పోతుందేమో అనిపించింది.

ప్రూయిట్ వచ్చాడు. భూతద్దం, అయస్కాంతం, చేతులకి తెల్ల తొడుగులు. గంటన్నర బండి చుట్టూ మోకాళ్ళమీద పాకాడు. సీటు ఎత్తి చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మీరు మంచివారిలా ఉన్నారు. మీ ఆయన మోసపోయాడు," అన్నాడు.

"ఎవరి చేతిలో?"

"ఇది థండర్‌హెడ్ కాదు. అరవై ఒక్క బండ్లకీ ఒక్కటే రంగు. పచ్చ. కంపెనీ ఇంకో రంగు ఇవ్వనే లేదు, ఎవరు బతిమాలినా ఇవ్వలేదు. కింద నీలం కనపడిందంటే ఇది మామూలు నీలం బండి. ఎవడో పైన పచ్చ కొట్టి, పేరు అతికించాడు."

"ఎవరు బతిమాలినా ఇవ్వలేదా?"

"ఇవ్వలేదమ్మా. దాని ధరలో పదోవంతు ఇస్తాను, తీసుకెళ్తాను. ఆ మచ్చని గీకి పచ్చ కొట్టించుకుంటాను."

"గీకుతారా?"

"తప్పు కదమ్మా అది. ఉండకూడనిది."

ఇరవై ఎనిమిదేళ్ళ నా ప్రశ్నకి కొలంబస్ నుంచి వచ్చి జవాబిచ్చాడు, ఇచ్చినట్టు వాడికే తెలీదు. రోమన్ నీలం అడగడం మరిచిపోలేదు. ఇవ్వమన్నాడు, వాళ్ళు ఇవ్వలేదు. అందుకని ఆయన ఎవరికీ కనపడని చోట ఒక చుక్క పెట్టాడు. నువ్వే రాశావు కదా ఆ మాట.

ప్రూయిట్ వెళ్ళాక ఒక పని చేశాను. నీలం అంచు గోటితో రవ్వంత గీకి చూశాను. నీలం కింద పచ్చ ఉంది. పచ్చ కింద నీలం లేదు. అంటే ముందు పచ్చ వేశారు, ఆ తర్వాత నీలం. బండి అసలైనదే. ఇది అతనికి ఫోన్ చేసి చెప్పలేదు. చెబితే మళ్ళీ వస్తాడు, అసలు ధర తెస్తాడు, తొడుగులు వేసుకుని నా నీలాన్ని గీకుతాడు. నకిలీ బండి అనే అనుకోనీ. లోకంలో అరవై బండ్లే ఉన్నాయని రాసుకుంటారు. రాసుకోనీ.

నిన్న ఓర్విల్ పక్కన నిలబడి చెబుతుంటే బ్యాటరీ నేనే మార్చాను. తాళం తిప్పాను. కొట్టంలో అరమీద జాడీలు ఊగిపోయాయి, ఒకటి పడి పగిలింది. నీ చెవులకి కూడా వినపడుతుంది ఆ చప్పుడు. వచ్చి విను.

ఈస్టర్‌కి రా. మార్చి 30. బెర్నిస్‌ని కూడా తీసుకురా, దొంగాట ఎలా పట్టుకోవాలో నేను నీకు నేర్పిస్తాను. క్యాబేజీ చుట్టలు మీ అమ్మ చేసినట్టే చేస్తాను. మూడు ప్లేట్లు పెడతాను. సంవత్సరం కావస్తోంది ఆ బల్లమీద ఒకటికి మించి పెట్టి.

అర్లీన్

*

హామ్‌ట్రామిక్
మార్చి 21

వదినకు,

సకల జనులకూ మరోసారి ప్రకటించునది. మంచు కరిగినందున మడతకుర్చీని వీధినుంచి ఉపసంహరించితిని. ఎప్పుడైనా ఒహైయో నుంచి ఒక పచ్చబండి రావలెనన్న ఆ చోటు దానిదే. మేజోడు చిల్లు కుట్టబడినది. అందుకు కారణం నీ ఉత్తరమే.

బస్సు టికెట్టు కొన్నాను. ఈస్టర్ ముందు శనివారం సాయంత్రం నాలుగింటికి మీకు దగ్గరున్న లైమా ఊళ్ళో దిగుతాను. ఈస్టర్ బల్లకని వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మని డబ్బాలో పెట్టి ఒళ్ళో పెట్టుకుని వస్తాను. కరిగిందంటే మేక అనుకుందాం. ఆ నీలం మీద చెయ్యి పెట్టనిస్తే పెడతాను, లేకపోతే చూస్తాను. బార్లీ సూపు సంగతి నాకు నిజంగానే గుర్తులేదు. చెంచా మాత్రం కొద్దిగా గుర్తొస్తోంది. ఆ గదిలో వెలుతురు, ఎవరో నీలం కోటు విప్పకుండానే మంచం పక్కన కూర్చోవడం. జ్వరంలో కల అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ.

నువ్వు నీలం గురించి నిజం చెప్పావు. నాకు కూడా ఒకటి బాకీ ఉంది.

మా పైవాటా ఖాళీ. ఎనభై ఎనిమిది నుంచీ ఖాళీయే. వంటింట్లో దీపం ఊగడం నిజం, వీధిలో పెద్ద లారీలు వెళ్ళినప్పుడు ఊగుతుంది. పేకముక్కలు రెండు వాటాలు వేసి రెండువైపులా నేనే ఆడతాను, అందుకే దొంగాట పట్టుకోవడం కష్టం. ఆ ఆరు పూంచ్‌కీలూ నేనే తిన్నాను, నాలుగు రోజులపాటు, చివరిది రాయిలా అయింది.

బెర్నిస్ అనే మనిషి లేదు వదినా. రెండు ప్లేట్లే పెట్టు.

కాజ్